కార్మికుల పెద్దక్క అనసూయా సారాభాయి

తగవున గెలుచుట వేరు, తగవు తీరుట వేరు. గెలిచినవాడు సంతోషముతో ఇల్లు చేరును. ఓడినవాడు పగను మూటగట్టుకొని పోవును. మరునాడు ఆ ఇరువురును ఒకే వీధిని నడువవలసినవారు, ఒకే బావి నీరు తోడుకొనవలసినవారు, ఒకే శాలలో పనిచేయవలసినవారు అయినచో ఆ గెలుపు ఎన్నాళ్లు నిలుచును? కనుకనే పూర్వము మన పల్లెలలో రచ్చబండ కడ కూర్చుండిన మంచి పెద్దలు తప్పెవరిదో తేల్చుటతో తృప్తినొందక, ఉభయులును తలయెత్తుకొని ఇంటికి పోగల మార్గమును వెదకుచుండిరి. ఐనను ఆ పెద్దలందరును ధర్మాత్ములు కారు. బలవంతుని కొమ్ముగాచిన పంచాయతీలును కలవు. పేదవాని నోరు నొక్కి, దానికి రాజీ యని పేరు పెట్టిన సందర్భములును కలవు. మధ్యవర్తుల తీర్పు బలహీనునకు గూడ న్యాయము చేకూర్చగలదా? ఈ ప్రశ్నను గ్రంథములలో గాక తన ఇంటనే, తోడబుట్టిన తమ్మునితోనే తేల్చుకొనవలసివచ్చిన మహిళ ఒకతె గలదు. అహమ్మదాబాదు మిల్లు కూలీలు మోటాబెన్ అని పిలుచుకొనిన అనసూయా సారాభాయియే ఆమె. మోటాబెన్ అనగా గుజరాతీ భాషలో పెద్దక్క యని అర్థము.

సారాభాయి అను పేరు తెలుగువారు విననిది కాదు. 1969లో నెల్లూరు తీరమునందలి శ్రీహరికోటను రాకెట్టు ప్రయోగములకు ఎన్నుకొనినప్పుడు భారత అంతరిక్ష కార్యక్రమమునకు సారథియై యుండిన విక్రమ్ సారాభాయి ఆమెకు మేనల్లుడు. మేనల్లుని కీర్తి ఆకాశమునకు ఎగసినది. మేనత్త జీవితము మాత్రము మిల్లు గోడల నీడను, కూలీల ఇరుకు గదులలోను, తగవుల నడుమను గడచినది.

1885 నవంబరు 11వ తేదీన అహమ్మదాబాదు నగరమున సంపన్నమైన జైన కుటుంబమునందు అనసూయ జన్మించెను. తొమ్మిదవ యేటనే ఆమె తల్లిదండ్రులను కోల్పోయెను. తమ్ముడు అంబాలాలు అప్పటికి పసివాడు. కాంత యను చెల్లెలు గూడ ఉండెను. తలిదండ్రులు లేని ఆ ముగ్గురు బిడ్డలును తండ్రి తోడబుట్టిన చిమన్‌భాయి ఇంట పెరిగిరి. అక్కయే తమ్మునికి తల్లివలె తోడుగా నిలిచెను. ఆనాటి ఆచారము ననుసరించి పదమూడవ యేట ఆమెకు వివాహము చేసిరి. ఆ కాపురము పొసగలేదు. ఆమె పుట్టింటికి తిరిగివచ్చెను.

భర్తను విడిచి వచ్చిన ఆడుబిడ్డకు ఆ కాలమున సంఘమున చోటెక్కడిది? ఏ కొట్టుగదిలోనో, పూజామందిరములోనో జీవితము గడపుటయే లోకము చూపిన త్రోవ. తమ్ముడు అంబాలాలు ఆ త్రోవను అంగీకరింపలేదు. అక్క చదువుకొనగోరినది, అతడు తోడ్పడెను. 1912లో ఆమె వైద్యవిద్య నభ్యసించుటకు ఇంగ్లండు వెళ్లెను. తరువాత జరిగిన కథను అర్థము చేసికొనుటకు ఈ సంగతి మరువరానిది. ఆమెకు లోకమును చూచు కన్నులు ఇచ్చినవాడు తమ్ముడే. ఆ కన్నులతో ఆమె మొట్టమొదట చూచిన అన్యాయము తమ్ముని వంటి యజమానుల మిల్లులలోనే కనబడినది.

వైద్యవిద్యలో ప్రాణులను కోసి పరీక్షింపవలసివచ్చెను. జైన గృహమున పుట్టి పెరిగిన ఆమెకు అది సరిపడలేదు. ఆ చదువు మాని లండను నగరమునందలి ఆర్థికశాస్త్ర విద్యాలయమున చేరెను. అచ్చట ఫేబియను సంఘమువారి భావములు ఆమెను ఆకర్షించినవి. స్త్రీలకు ఓటు హక్కు కావలెనని సాగుచుండిన ఉద్యమమున ఆమె గూడ పాల్గొనెను. ఇంటి పరిస్థితుల కారణముగా 1913లో చదువు ముగియకయే స్వదేశమునకు మరలవలసివచ్చెను. పట్టము రాలేదు గాని, కూలివాని కష్టమునకు పూర్వజన్మ పాపము కారణము కాదనియు, మనుష్యులు చేసిన ఏర్పాటే కారణమనియు, మనుష్యులు చేసినదానిని మనుష్యులే సరిదిద్దవచ్చుననియు ఆమెకు నమ్మకము కలిగెను.

అహమ్మదాబాదున మొదటి నూలుమిల్లు 1861లో రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ అను ఉద్యోగి కృషివలన నడువనారంభించెను. అర్ధశతాబ్ది గడచునప్పటికి ఆ నగరము పొగగొట్టముల నగరమైనది. పల్లెలనుండి వచ్చిన నేతగాండ్రు, హరిజనులు, ముస్లిములు వేలకొలదిగా ఆ మిల్లులలో పనిచేయుచుండిరి. అనసూయ తిరిగివచ్చి కులభేదము పాటింపక పేదబిడ్డలకు బడి పెట్టెను. స్త్రీలకొరకు మరుగుదొడ్లు, ప్రసూతి గృహము ఏర్పరచెను. ఇంతవరకు అది ధనికుల ఇంటి స్త్రీ చేయు దానధర్మము వంటిదే.

ఒకనాటి ఉదయము ఆమె ఇంటి వాకిట కూర్చుండియుండగా కొందరు కూలీలు నిద్రలో నడచువారివలె తూలుచు పోవుట చూచెను. పిలిచి అడుగగా, వారు ముప్పదియారు గంటలు విశ్రాంతి లేక పనిచేసి ఇండ్లకు పోవుచున్నారని తెలిసెను. రెండు రాత్రులు, ఒక పగలు! బడియు మందులును ఈ వ్యాధికి చాలవని ఆమె గ్రహించినది ఆనాడే. దానము చేయు చేతికి ఆ దారిద్ర్యము ఎచ్చటనుండి పుట్టుచున్నదో చూడవలసిన బాధ్యత గూడ కలదని ఆమెకు తోచెను.

అంబాలాలు అప్పటికి కాలికో మిల్లు నడుపుచు, మిల్లు యజమానులలో ముఖ్యుడై యుండెను. అతడు కఠినాత్ముడని తలచుట పొరపాటు. 1915లో గాంధీజీ అహమ్మదాబాదున ఆశ్రమము స్థాపించి, అంటరానివారుగా ఎంచబడిన కుటుంబము నొకదానిని అందు చేర్చుకొనగా, ధనసహాయము చేయువారందరును వెనుకంజ వేసిరి. ఆ సమయమున ఒక వర్తకుడు బండిలో వచ్చి, పదుమూడువేల రూపాయల నోట్లు గాంధీజీ చేతిలో నుంచి, పేరు గూడ చెప్పుకొనక వెడలిపోయెను. ఆ దాత అంబాలాలే. కూలీలకు తిండి లేకుండ చేయవలెనని అతడు కోరలేదు. కాని మిల్లు తనది, కూలి ఎంత ఈయవలెనో తాను నిర్ణయించును, నడుమ మూడవవానికి పనిలేదు అనునది అతని సిద్ధాంతము. యజమానికిని పనివానికిని గల సంబంధము తండ్రికొడుకుల సంబంధము వంటిదని అతడు తలచెను. మూడవవాని మాట ఎందుకు చెల్లవలెనను నీ ప్రశ్నయే ఆ అక్కాతమ్ములను వేరు పక్షముల నిలిపినది.

1917లో అహమ్మదాబాదున ప్లేగు వ్యాపించెను. జనులు నగరము విడిచి పారిపోవనారంభించిరి. మగ్గములు ఆగకుండుటకై యజమానులు నేతపనివారికి ప్లేగు బోనసు ప్రకటించిరి. అది కొందరికి జీతములో నూటికి డెబ్బది, ఎనుబది వంతులవరకు ఉండెను. పడుగు విభాగము వారికి ఆ బోనసు లేదు. వారు అనసూయవద్దకు వచ్చి తమ పక్షమున మాటాడుమని వేడుకొనిరి. 1917 డిసెంబరులో ఆమె వారి నాయకురాలయ్యెను. మిల్లు యజమాని ఇంటి ఆడుబిడ్డ కూలీల ముందు నిలుచుట ఆ నగరము అంతకుముందు ఎరుగదు.

1918 జనవరినాటికి ప్లేగు తగ్గెను. యజమానులు బోనసు ఎత్తివేయదలచిరి. కాని యుద్ధకాలపు ధరలు తగ్గలేదు. ధాన్యము, బట్ట, ఇంటి అద్దె అన్నియు పెరిగియుండెను. బోనసునకు బదులుగా జీతములో నూటికి ఏబది పెంచవలెనని నేతపనివారు కోరిరి. యజమానులు ఇరువదికి మించి ఈయబోమనిరి. గాంధీజీ సలహాపై ఉభయులును ఫిబ్రవరి 14వ తేదీన పంచాయతీకి సమ్మతించిరి. కూలీల పక్షమున గాంధీజీ, వల్లభభాయి పటేలు, శంకర్‌లాల్ బాంకరు. యజమానుల పక్షమున అంబాలాలు, జగాభాయి, చందులాలు. జిల్లా కలెక్టరు వీరిపై నిర్ణేత.

ఆ పంచాయతీ మొదలిడకముందే విరిగిపోయెను. తమ మధ్యవర్తులకు చెప్పకయే కొన్ని మిల్లుల కూలీలు పని మానిరి. గాంధీజీ తప్పు ఒప్పుకొని సరిదిద్దెదననెను. యజమానులు దానిని అవకాశముగా తీసికొని, మాట తప్పినవారితో పంచాయతీ లేదని ఫిబ్రవరి 22వ తేదీన మిల్లులకు తాళములు వేసిరి. మధ్యవర్తిత్వమునకు మొదటి శత్రువు ఎదుటి పక్షము మాత్రమే కాదు. తన పక్షముననున్న అదుపులేనితనము గూడ శత్రువేయని అనసూయ ఆనాడు నేర్చుకొనెను.

అప్పుడు కూలీల పెద్దలు చేసిన మొదటి పని గమనింపదగినది. వారు యజమానులకు కేకలు వేయుటకు ముందు తమవారి కోరికనే త్రాసులో వేసి తూచిరి. ధరల పెరుగుదలను, మిల్లుల స్థితిని, బొంబాయిలో ఇచ్చు జీతములను విచారించి, నూటికి ముప్పదియైదు పెంపు న్యాయమని తేల్చిరి. ఏబది కోరిన కూలీలకు ముప్పదియైదే న్యాయమని నచ్చజెప్పుట సులభము కాదు. ఐనను వారు ఒప్పుకొనిరి. ముప్పదియైదు వచ్చువరకు పనికి పోమనియు, ఈలోగా అల్లరి చేయమనియు, ఎవరి సొత్తును ముట్టమనియు ప్రతిజ్ఞ చేసిరి. కోరరానిది కోరనివానికే, కోరినది విడువని ధైర్యము కలుగును.

షాహపూరు ద్వారము వెలుపల, సబర్మతి ఒడ్డున ఒక తుమ్మచెట్టు ఉండెను. ప్రతిదినము సాయంకాలము వేలకొలది కూలీలు ఆ చెట్టు క్రింద కూడుచుండిరి. దినమున కొక కరపత్రము అనసూయ పేర వెలువడుచుండెను. గాంధీజీయే దానిని కూర్చుచుండెను. అందు తిట్లు లేవు. యజమానుల పక్షమున గల న్యాయమెంతయో, కూలీల పక్షమున గల న్యాయమెంతయో విడమరచి చెప్పుచు, పనిలేని ఈ దినములను ఎట్లు గడపవలెనో అందు బోధించుచుండిరి. తెల్లవారినది మొదలు అనసూయ, శంకర్‌లాల్ బాంకరు కూలీల వాడలలో తిరిగి రోగులకు మందులిచ్చుచు, ఆకలిగొన్నవారికి వేరు పని వెదకి చూపుచుండిరి. ఆశ్రమమున నేతశాలకు పునాదులు నింపుటకు ఇసుక కావలసివచ్చెను. కూలీలు తలలపై ఇసుకతట్టలతో బారులు దీరి నదినుండి రాగా, వారికి ముందు అనసూయ నడచెను. సారాభాయి వంశపు స్త్రీ నెత్తిన ఇసుకతట్ట!

ఈ పోరాటము నడుచుచుండగనే అంబాలాలు ఆశ్రమమునకు వచ్చి గాంధీజీతో భోజనము చేయుచుండెననియు, అనసూయయే స్వయముగా తమ్మునికి వడ్డించుచుండెననియు ఆనాటివారిని కలిసి చరిత్ర సేకరించినవారు వ్రాసియున్నారు. పగలు అతని మాటను ఖండించు కరపత్రము ఆమె పేరున వెలువడును. ఆ చేతులే అతనికి విస్తరి వేయును. ఇది నటన కాదు. తగవు నూటికి ఇరువదా, ముప్పదియైదా యనుదానిపై గాని, అక్కాతమ్ముల నడుమ గల ప్రేమపై కాదని ఉభయులును ఎరుగుదురు. ఇంట పలుకులు నిలిచియుండుటచేతనే మిల్లు వాకిట పలుకులు పూర్తిగా తెగిపోలేదు.

మార్చి 12వ తేదీన యజమానులు తాళములు తీసి, ఇరువది శాతమునకు ఒప్పుకొనువారు పనికి రావచ్చునని ప్రకటించిరి. ఇండ్లలో గింజలు నిండుకొన్నవి. కొందరు లోనికి పోవనారంభించిరి. చెట్టు క్రింద జనము పలుచబడెను. ఒకనాడు ఉదయము సభకు రమ్మని పిలువబోయిన ఆశ్రమవాసికి ఒక కూలీవాడలో చేదు మాట వినబడెను. గాంధీజీకిని అనసూయాబెన్‌కును ఏమి కష్టము? వారు మోటారులో వచ్చి మోటారులో పోదురు, మంచి భోజనము చేయుదురు, చచ్చుచున్నది మేము అని ఒకడు సణిగెను. ఆ మాట అనసూయకు ఎట్లు తగిలియుండునో ఊహింపవచ్చును. తమ్ముని నెదిరించి ఎవరి పక్షము వహించెనో, వారి కన్నులకే తాను పరాయిదయ్యెను. కాని ఆ మాటలో సత్యము లేకపోలేదు. ఆకలి తెలియనివారు ఆకలిగొన్నవారికి ఓర్పు బోధించుట తేలిక.

మార్చి 15వ తేదీన గాంధీజీ, పరిష్కారము కలుగువరకును, లేదా కూలీలందరును మిల్లులను విడిచిపోవువరకును, అన్నము ముట్టననియు, మోటారు ఎక్కననియు సభలో ప్రకటించెను. కూలీలు నివ్వెరపోయిరి. అనసూయ కన్నీరు నిలుపుకొనజాలక తాను గూడ ఉపవసింతునని ముందుకు రాగా గాంధీజీ ఆమెను వారించెను. యజమానులు చిక్కున బడిరి. వారిలో పలువురికి గాంధీజీ ఆప్తుడు. అతని ప్రాణము కొరకు లొంగినచో అది న్యాయమునకు లొంగుట కాదు. ఈ లోపమును గాంధీజీయే గ్రహించి, తన ఉపవాసము కూలీల ప్రతిజ్ఞను నిలుపుటకేయైనను యజమానులపై ఒత్తిడి కలిగించిన దోషము దానికి అంటియున్నదని తన ఆత్మకథలో దాపరికము లేక ఒప్పుకొనెను. బలవంతముచే కుదిరిన రాజీ రాజీ కాదను సత్యము ఆ పోరాటపు నాయకుని మనస్సుననే ముల్లువలె మిగిలెను.

మూడు దినములు గడచెను. మార్చి 18వ తేదీన ఒప్పందము కుదిరెను. దాని ఏర్పాటు మన రచ్చబండ పెద్దల నేర్పును తలపించును. మొదటి దినమున ముప్పదియైదు శాతము చొప్పున ఇత్తురు. దానితో కూలీల ప్రతిజ్ఞ నిలుచును. రెండవ దినమున ఇరువది. దానితో యజమానుల పట్టుదల నిలుచును. మూడవ దినమునుండి ఆ రెండింటికిని నడుమ ఇరువదియేడున్నర. ఇంతలో ఉభయులకును సమ్మతుడైన మధ్యవర్తి విచారించి తుది తీర్పు చెప్పును. ఆ తీర్పును ముందునుండి వర్తింపజేయుదురు. సంస్కృత పండితుడును, గుజరాతు కళాశాలలో ఆచార్యుడునైన ఆనందశంకర్ ధ్రువ మధ్యవర్తిగా నియమింపబడెను. లెక్కల దృష్టితో చూచినవారికి ఈ మూడు దినముల ఏర్పాటు బాలక్రీడవలె తోచవచ్చును. కాని అంకెల వెనుక మానము దాగియుండును. కడుపుతోపాటు మానమును గూడ కాపాడని తీర్పును ఎవరును మనసార అంగీకరింపరు. అసలు విజయము ఆ అంకెలలో లేదు. మూడవవానికి నడుమ పనిలేదనిన యజమానులు మూడవవాని తీర్పునకు కట్టుబడుటకు సమ్మతించిరి. పోరాటము పుట్టినది దానికొరకే.

సంతోషసూచకముగా యజమానులు కూలీలకు మిఠాయిలు పంచదలచిరి. ప్రతిజ్ఞ చేసిన ఆ చెట్టు క్రిందనే పంచవలెనని ఏర్పాటు చేసిరి. నగరమునందలి బిచ్చగాండ్రందరును వచ్చిపడగా తొక్కిసలాట జరిగి పంపకము ఆగెను. మిగిలిన మిఠాయిలను మీర్జాపూరులోని అంబాలాలు బంగళాకు చేర్చి, మరునాడు ఆ ఆవరణలో సుఖముగా పంచిరి. అక్క నడిపిన సమ్మె ముగింపునకు తమ్ముని ఇంటి ముంగిలి వేదికయైనది. ఆగస్టు నెలలో ధ్రువగారి తీర్పు వెలువడెను. కూలీలు కోరిన ముప్పదియైదు శాతము న్యాయమని ఆయన నిర్ణయించెను.

ఒక తగవు తీరినంత మాత్రమున తగవులు ముగియవు. 1919 ఏప్రిలులో గాంధీజీ నిర్బంధింపబడగా, అనసూయాబెన్‌ను గూడ పట్టుకొనిరను పుకారు అహమ్మదాబాదున వ్యాపించెను. మిల్లు కూలీలు ఉద్రిక్తులై అల్లరులకు దిగిరి. ప్రాణనష్టము గూడ జరిగెను. తనపై గల ప్రేమయే హింసకు కారణమగుట ఆమెకు గొప్ప పాఠము. జనులకు నాయకురాలిపై అభిమానము చాలదు. నాయకురాలు లేనప్పుడును నడువగల ఏర్పాటు కావలెను.

ఆ ఏర్పాటు 1920లో ఏర్పడెను. వేర్వేరు విభాగముల కార్మిక సంఘములు కలిసి మజూర్ మహాజన్ సంఘమైనవి. అనసూయ దానికి జీవితాంతము అధ్యక్షురాలుగా ఎన్నుకొనబడెను. ఆ పేరునందే ఒక విశేషము కలదు. గుజరాతు నగరములలో వర్తకులకు, చేతిపనివారికి మహాజనులనబడు శ్రేణులు పూర్వమునుండి కలవు. వృత్తిలోని తగవులను ఆ మహాజనులే తీర్చుకొనుచుండిరి. అట్టి గౌరవపదమును మజూరులకు, అనగా కూలీలకు చేర్చుట చిన్న సంగతి కాదు. ఆ సంవత్సరమే శాశ్వత పంచాయతీ యొకటి నెలకొనెను. కూలీల పక్షమున గాంధీజీ, యజమానుల పక్షమున మంగళదాసు గిరిధరదాసు మధ్యవర్తులు. వారికి భేదాభిప్రాయము వచ్చినచో ఉభయసమ్మతుడైన మరియొకడు నిర్ణయించును.

అది పనిచేయు తీరు సామాన్యమైనది; దాని బలమంతయు ఆ సామాన్యతలోనే కలదు. మేస్త్రీ తిట్టెనని, జరిమానా అన్యాయమని, త్రాగునీరు లేదని, కూలి తక్కువ కట్టిరని వచ్చిన ప్రతి ఫిర్యాదును సంఘపు కార్యాలయమున వ్రాసికొందురు. సంఘపు మనిషి మిల్లునకు పోయి విచారించును. ఫిర్యాదు అబద్ధమైనచో కూలీకే ఆ సంగతి చెప్పును. నిజమైనచో ఆ శాఖ అధికారితో, అచ్చట తీరనిచో మిల్లు యజమానితో మాటాడును. అక్కడను తీరనిదే యజమానుల సంఘమునకును, తుదకు మధ్యవర్తులకును పోవును. ఇట్లు ఎన్నో తగవులు మధ్యవర్తులవరకు పోకయే చల్లారుచుండెను. నిప్పురవ్వను గుడిసె కాలకముందే ఆర్పుట తెలివి. అన్నిటికంటె ముఖ్యము, చదువురాని కూలీ తన మాటను చివరివరకు వినువారొకరు కలరని తెలిసికొనెను. మిల్లు గుమాస్తా ఎదుట నోరు పెగలనివాడు మోటాబెన్ ఎదుట చాప మీద కూర్చుండి తన గోడు చెప్పుకొనగలిగెను.

ఈ పద్ధతికి ఓటమి లేదని చెప్పుట సత్యదూరము. 1923లో వ్యాపారము క్షీణించినదని యజమానులు కూలిలో నూటికి పదునైదుకు పైగా కోత విధించిరి. గాంధీజీ యెరవాడ జైలులో నుండెను. పంచాయతీ మాట చెల్లలేదు. కూలీలు రెండు నెలలకు పైగా సమ్మె చేసి, తుదకు కోతకు తలవంచి మరలిరి. సంఘ సభ్యులు పలువురు విడిపోయిరి. అనసూయ మాత్రము సంఘమును విడువలేదు. గుల్జారీలాలు నందా వంటి కార్యకర్తలు 1922 నుండి ఆమెతో పనిచేయుచుండిరి. వారు మరల ఒక్కొక్క ఫిర్యాదుతో, ఒక్కొక్క మిల్లుతో పని ప్రారంభించిరి. ఆ కోతను గూర్చిన వివాదము పంచాయతీకి చేరి, 1929లో వెలువడిన తీర్పువలన కూలీలు పోగొట్టుకొనినదానిలో కొంత తిరిగి పొందిరి. ఆరేండ్ల నిరీక్షణ! బలము కోల్పోయినవానికి మధ్యవర్తి తలుపు గూడ ఆలస్యముగనే తెరచుకొనునని ఆ చరిత్ర చెప్పుచున్నది. 1918లో తీర్పును తెచ్చినది పండితుని విజ్ఞత మాత్రమే కాదు. చెట్టు క్రింద కదలక కూర్చుండిన వేలమంది ఓర్పు గూడ కలదు.

అటుపిమ్మట అనసూయ జీవితము నిశ్శబ్దసేవగా సాగెను. 1927లో మిల్లు కార్మికుల ఆడుబిడ్డలకొరకు కన్యాగృహము నెలకొల్పెను. కీర్తికొరకు ఆమె పరుగిడలేదు. స్వరాజ్యము వచ్చిన పిదప కార్మిక వివాదములు చట్టములకును, న్యాయస్థానములకును ఎక్కువగా పోవుచుండెను. ఆ కాలమున, 1952 నుండి 1954 వరకు, కేంద్ర కార్మిక మంత్రిగా నుండిన మన వరాహగిరి వేంకటగిరి, బయటివారి నిర్బంధ తీర్పులకంటె యజమానియు కార్మికుడును ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనుటయే మేలని గట్టిగా వాదించెను. అహమ్మదాబాదు అనుభవము ఆ వాదమునకు బలము చేకూర్చునదే. 1955లో ఇలా భట్ అను యువ న్యాయవాది మజూర్ మహాజనులో చేరెను. మిల్లులలో పని లేక, బండ్లు లాగుచు, మూటలు మోయుచు, కూరలమ్ముకొనుచు బ్రతుకు స్త్రీలకొరకు ఆమె 1972లో సేవా యను సంఘమును స్థాపించుటకు తోడ్పడెను. అనసూయ పరమపదించినది ఆ సంవత్సరమే. తమ్ముడు అంబాలాలు అంతకు అయిదేండ్ల పూర్వమే, 1967లో గతించెను.

1980 ప్రాంతమునుండి అహమ్మదాబాదు పెద్ద మిల్లులు ఒకదాని వెనుక నొకటి మూతబడినవి. వేలకొలది కుటుంబములు వీధిన బడినవి. మిల్లే లేనప్పుడు పంచాయతీ ఎవరితో? ఏ మధ్యవర్తియు ఆ నష్టమును ఆపలేకపోయెను. కాని తగవులు తీర్చు ఆ పద్ధతి మిల్లులతో అంతరింపలేదు. 2023లో భారత పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టమున, ఇరుగుపొరుగుల శాంతికి భంగము కలిగించు తగవులను ఉభయుల ముందస్తు సమ్మతితో స్థానిక మధ్యవర్తులు ముగ్గురు కూర్చుండి తీర్చు ఏర్పాటునకు చోటు కల్పించిరి. రచ్చబండ మరల చట్టపు పుటలలోనికి వచ్చినది.

ఆ రచ్చబండపై కూర్చుండువారు అనసూయ జీవితమును ఒకసారి తలచుకొనుట మంచిది. ఆమె ఇరుపక్షములకు నడుమ నిలిచిన మధ్యవర్తి కాదు. ఒక పక్షమును మనసార వహించినది. ఐనను ఎదుటి పక్షమును శత్రువుగా చూడలేదు. తనవారి కోరిక హద్దు మీరినప్పుడు తగ్గించుకొనుమని చెప్పు ధైర్యము ఆమెకుండెను; ఎదుటివారు కాదనినప్పుడు కదలక నిలుచు ధైర్యమును ఉండెను. పేదవాడు ఒంటరియై, దిక్కులేక పంచాయతీకి వచ్చినచో అచ్చట అతనికి లభించునది దయ మాత్రమే. పదిమందితో, నిగ్రహముతో, న్యాయమైన కోరికతో వచ్చినచో తీర్పు లభించును. ఆమె కూలీలకు ఇచ్చిన సంపద అదియే. తమ్మునికి ఇచ్చినది మరియొకటి కలదు. అక్కచేత ఓడిన పిదపగూడ అక్కను పోగొట్టుకొననివాడతడు.